జూమ్ కటకము: పేరా, పనియా?

కెమెరా సంస్థ కటకమునే కొనవలెనా, అన్య సంస్థ చేసినది చాలునా అనునది ఛాయాచిత్రకారులకు నిత్యసందేహము. సోనీ కెమెరాలనే ఉదాహరణగా గైకొందము.

2016లో వెలువడిన సోనీ 24–70 మిల్లీమీటర్ల జీ మాస్టర్ కటకము బరువు 886 గ్రాములు. అవే కెమెరాలకు 2018లో టామ్రాన్ సంస్థ తెచ్చిన 28–75 కటకము 550 గ్రాములే. విడుదలనాటి వెల సోనీ కటకపు వెలలో సగమునకు లోపే. రెండింటి గరిష్ఠ ద్వారమును ఎఫ్ 2.8, కనుక మసక వెలుతురులో అన్య కటకము వెనుకబడదు.

భేదము అన్యత్ర కలదు. 24 వద్ద మూల నుండి మూలకు 84 డిగ్రీల దృశ్యము పట్టును. 28 వద్ద 75 మాత్రమే. ఇరుకు గదిలో తీసిన బృందచిత్రమున అంచుననున్నవారు తప్పిపోవచ్చును. ఆల్ఫా 9 కెమెరా సోనీ కటకముతో సెకనుకు 20 చిత్రములు తీయగా, అన్య కటకముతో 15కే పరిమితము. క్రీడలను చిత్రించువారికి ఇది లోటే. సభలను చిత్రించు విద్యార్థికి కాదు.

పేరునకు గాక అవసరమునకు వెల చెల్లించుటయే వివేకము.