చెట్టు కూలి కరెంటు పోయినపుడు

వేసవి ముదిరిన తరువాత సాయంకాలము ఒక్కసారిగా మబ్బు పట్టి ఈదురుగాలి లేచు దినములు ఏటేట వచ్చును. మామిడితోట గల రైతు కాయ రాలునేమో అని కలతపడును. పట్టణమున కాపురమున్నవారు కరెంటు పోవునేమో అని కలతపడుదురు. సికింద్రాబాదులోని పద్మారావు నగర్ వంటి పేటలో ఈ రెండవ కలత ఎట్టిదో విచారించినచో, మన పల్లెలకును పనికివచ్చు సంగతులు కొన్ని తెలియును.

పూర్వము వాకర్ టౌన్ అని పిలువబడిన పేట ఇది. స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి దేవాలయము ఇక్కడనే కలదు. పాత ఇండ్లు, వాటి నడుమ లేచిన అపార్టుమెంట్లు, వీధి వెంట చెట్లు, ఆ కొమ్మల ప్రక్కగా సాగు తీగలు: జంటనగరములలో పాత పేటలు చాలవరకు ఇట్లే ఉండును. చెట్టు గాలికి మాత్రమే కూలదు. దాని మొదలు చుట్టును సిమెంటు పోయుదురు. మురుగుకాలువకో, కేబులుకో త్రవ్వునపుడు ఒక ప్రక్క వేళ్లు నరికివేయుదురు. తీగకు తగులు కొమ్మలను మాత్రమే ఏటేట కొట్టుటచే బరువంతయు రెండవ ప్రక్కకు చేరును. తురాయి వంటి చెట్టునకు వేళ్లు లోతుగా పోవు, కట్టె పెళుసు. ఇక గాలి ఒక నెపము మాత్రమే.

చెట్టు తీగలపై పడి ఇల్లు చీకటి అయినపుడు మొదట తెలిసికొనవలసినది ఒకటి కలదు. ఇంట దీపము ఆరినంత మాత్రమున వీధిలోని తీగ చచ్చినట్లు కాదు. తెగిన తీగ పొడినేలపైనో, సిమెంటు రోడ్డుపైనో పడినచో దాని ద్వారా భూమిలోనికి పోవు కరెంటు స్వల్పముగా ఉండి, ఫ్యూజు ఎగిరిపోకపోవచ్చును. మూడు ఫేజులలో ఒకటి మాత్రమే పోయి, మిగిలిన రెండు సజీవముగా ఉండవచ్చును. సబ్‌స్టేషనులో ఫీడరు పడిపోయిననూ, కారణము తెలియక మరల వేసి చూచుట కలదు. కావున తీగకు, దానిని తాకుచున్న చెట్టునకు కనీసము 10 మీటర్ల దూరముననే ఉండవలెను. తడిసిన పచ్చికట్టె కరెంటును మోయును. వెదురుగడతో తీగను ప్రక్కకు నెట్టుదమనుట, రబ్బరు చెప్పులున్నవి కదా అనుకొనుట ప్రాణాపాయము. తీగ పడిన చోటికి దగ్గరలో ఉన్నామని తెలిసినచో, పెద్ద అంగలు వేయక, రెండు పాదములను ప్రక్కప్రక్కనే నేలకు ఆనించి జరుపుచు వెనుకకు రావలెను. నేలలో కరెంటు పారునపుడు రెండు పాదముల నడుమ దూరము పెరిగిన కొలది దెబ్బ పెరుగును.

పిల్లలను, పశువులను దూరముగా ఉంచి, 1912కు ఫోను చేయవలెను. బిల్లుపై నున్న సర్వీసు నెంబరు, దగ్గరి స్తంభముపై వ్రాసిన నెంబరు చెప్పినచో సిబ్బంది త్వరగా రాగలరు. చెట్టును కొట్టుటకు మనుష్యులు సిద్ధముగా ఉన్ననూ, లైన్‌మన్ ఎల్.సి. తీసికొని, తీగలను భూమికి కలిపినాడని తెలియు వరకు గొడ్డలి ఎత్తరాదు. గ్రామాధికారులు ఈ ఒక్క విషయమున గట్టిగా నిలువవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్ద తామే ఫ్యూజు వేయబోయి మరణించిన రైతుల కథ ప్రతి మండలమునను వినవచ్చును.

కొన్ని ఇండ్లలో కరెంటు పోదు, కాని వింతగా ప్రవర్తించును. ఒక ఇంట బల్బు కన్నులు మిరుమిట్లు గొలుపును, ప్రక్కయింట మినుకు మినుకుమనును. ఇది న్యూట్రల్ తీగ తెగిన గుర్తు. మూడు ఫేజులకు సమతూకము నిలుపునది న్యూట్రలే. అది పోయినచో 230 వోల్టులు రావలసిన ఇంటికి దాదాపు 400 వరకు రావచ్చును. టి.వి., ఫ్రిజ్జు, ఫ్యాను కాలిపోవును. ఆలోచింపక మెయిన్ స్విచ్చి ఆపవలెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినపుడు చెట్లు, స్తంభములు కుప్పలుగా కూలి, నగరమున అనేక చోట్ల దినముల తరబడి కరెంటు లేదు. అపుడు ప్రజలకు దీపము కన్న నీరే పెద్ద కరువైనది. మోటారు తిరగనిదే పై ట్యాంకులోనికి నీరెక్కదు. అపార్టుమెంటువారు ఇది తెలిసికొని, గాలివాన సూచన కనిపించగానే ట్యాంకు నింపుకొనుట మేలు. కరెంటు పోయిన వెంటనే ఉన్న నీటిని త్రాగుటకు, వంటకు వేరుగా పట్టుకొనవలెను.

ఫ్రిజ్జును తెరువకున్నచో సుమారు 4 గంటలు చల్లగా ఉండును. మాటిమాటికి తెరచి చూచువారికి ఆ గడువు లేదు. పాలు ముందుగా కాచి వాడుకొనవలెను. ఇన్సులిన్ వాడువారు దానిని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, మందు తడవకుండ నుంచినచో ఎండలోను కొంత కాపాడుకొనవచ్చును. ఆక్సిజన్ యంత్రముపై ఆధారపడిన రోగి ఉన్న ఇంట సిలిండరు ముందే సిద్ధముగా ఉండవలెను. లేనిచో కరెంటు కొరకు కాచుకొనక ఆసుపత్రికి చేర్చవలెను.

జనరేటరు తెచ్చుకొనువారు రెండు సంగతులు మరువరాదు. దాని పొగలో విషవాయువు కలదు, వాసన తెలియదు. ఇంటిలోపల, వరండాలో నడుపరాదు. ఇక చేంజోవరు స్విచ్చి లేకుండ దానిని ఇంటి ప్లగ్గులో కలిపినచో, కరెంటు వెనుకకు పోయి ట్రాన్స్‌ఫార్మరులో తిరుగబడి వేల వోల్టులగును. తీగ చచ్చినదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము దానితో పోవచ్చును.

కరెంటు వచ్చినపుడు మొదట ఒక్క బల్బు వేసి వెలుగు సరిగా ఉన్నదో లేదో చూడవలెను. అయిదు నిమిషములు ఆగి ఫ్రిజ్జు వేయవచ్చును. రైతులకు ఇక్కడ మరియొక చిక్కు కలదు. తీగలు మరల కట్టునపుడు ఫేజులు తారుమారైనచో త్రీఫేజు మోటారు వెనుకకు తిరిగి నీరు సరిగా పోయదు. ఒక ఫేజు రాకున్నచో మోటారు మూలిగి కాలిపోవును. ఆటో స్టార్టరు ఉన్నవారు ఇంటి వద్ద నుండగనే మోటారును పోగొట్టుకొందురు. లైను బాగుచేసిన దినమున దానిని తీసివేసి, స్వయముగా పొలమునకు పోయి మూడు ఫేజులు చూచుకొని మోటారు వేయవలెను.