మీకు తెలుసా? మంచు మీద మార్కుల గొడవలు!

ఫిగర్ స్కేటింగ్‌లో ఆడవాళ్లు పోటీ చేయకూడదని మొదట్లో ఎక్కడా రాసిలేదు! అది చూసుకుని 1902లో మ్యాడ్జ్ సైయర్స్ అనే ఇంగ్లండ్ స్కేటర్ ప్రపంచ పోటీలకు పేరు ఇచ్చేసింది. మగవాళ్లతో తలపడి ఏకంగా రెండో స్థానం కొట్టింది! మరి పెద్దలు మెచ్చుకున్నారా? అబ్బే! ఆ మరుసటి ఏడే ఆడవాళ్లు రాకూడదని నిబంధన పెట్టేశారు! చెప్పిన సాకుల్లో ఒకటి వినండి: పొడవు గౌనులో పాదాలు కనబడవట!

నార్వే అమ్మాయి సోన్యా హెనీ 1927లో ఆడవాళ్ల విభాగంలో ప్రపంచ విజేత అయింది. పోటీ ఎక్కడో తెలుసా? నార్వేలోనే! జడ్జీలు ఐదుగురు. అందులో నార్వేవాళ్లు ఎందరో ఊహించండి. ముగ్గురు! ఆ ముగ్గురూ హెనీకే ఓటేశారు. మిగతా ఇద్దరూ ఆస్ట్రియా స్కేటర్ వైపు! గొడవ గుప్పుమంది. అప్పుడు పుట్టిందండీ ‘ఒక దేశానికి ఒకే జడ్జి’ అనే నిబంధన!

ఒక జడ్జిని పక్కన పెట్టడం విన్నాం. దేశం మొత్తం జడ్జీలను పక్కన పెట్టడం విన్నారా? 1978లో అదే జరిగింది! తమవాళ్లకు మార్కులు దోచిపెడుతున్నారని సోవియట్ జడ్జీలందరినీ ఒక సీజన్ పాటు బయట కూర్చోబెట్టారు. అందరినీ!

ఇది ఇంకా విచిత్రం! నగానో ఒలింపిక్స్‌లో ఒక ఉక్రెయిన్ జడ్జి ఫోన్‌లో ఓట్ల బేరం పెట్టాడు. అవతలి వైపున్న కెనడా జడ్జి జీన్ సెన్ఫ్ట్ ఊరుకోలేదు. ఆ మాటలన్నీ టేపులో రికార్డు చేసేసింది! అతనికి సస్పెన్షన్ పడింది. సరే, న్యాయమే. కానీ గుట్టు బయటపెట్టిన ఆమెకూ 6 నెలల సస్పెన్షన్!

జడ్జీలు కాళ్లతో మాట్లాడుకోగలరా? 1999 ప్రపంచ పోటీల్లో మాట్లాడుకున్నారు! జంటల పోటీ నడుస్తోంది. ఇద్దరు జడ్జీలు చూపులు కలుపుతున్నారు. బల్ల కింద బూటు కొసతో నేలను తడుతున్నారు. పాపం, కెమెరా సంగతి మరిచిపోయారు! వీడియో బయటికొచ్చింది. ఇద్దరూ ఇంటికి!

ఒక పోటీకి రెండు స్వర్ణాలు! 2002లో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల స్వర్ణం రష్యాకు వెళ్లింది. తేడా ఎంత? 5–4. ఒకే ఒక్క జడ్జి! తనపై ఒత్తిడి తెచ్చారని ఫ్రాన్స్ జడ్జి చెప్పడంతో ప్రపంచం గగ్గోలు పెట్టింది. వారం తిరక్కుండానే కెనడా జంట సాలే, పెల్టియేలకూ స్వర్ణం ఇచ్చారు!

ఆ గొడవకు కనిపెట్టిన మందు చూడండి! ఏ జడ్జి ఎన్ని మార్కులు వేశారో జనానికి తెలియకుండా దాచేశారు! ఒత్తిడి తగ్గుతుందన్నారు. మరి తప్పు చేసినవాళ్లను పట్టుకునేదెలా? ఎవరూ అడగడానికి వీల్లేకుండా సుమారు 14 ఏళ్లు గడిచాయి. 2016లోగానీ ఆ ముసుగు తీయలేదు!

సంతకాల వరద చూశారా? సోచీ ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియా రాణి కిమ్ యునాకు రజతం వచ్చింది. జడ్జింగ్‌పై విచారణ జరపాలంటూ ఆన్‌లైన్‌లో సంతకాలు మొదలయ్యాయి. ఎన్ని వచ్చాయో తెలుసా? 20 లక్షలు దాటాయి! అయినా ఫలితం మారలేదు.

గెలిచిన పతకం కోసం 912 రోజులు ఎదురుచూడగలరా? అమెరికా టీమ్ ఎదురుచూసింది! బీజింగ్‌లో 2022 ఫిబ్రవరి 7న టీమ్ పోటీ ముగిసింది. రష్యా స్కేటర్ వలియెవా డోపింగ్ కేసు తేలేదాకా పతకాల వేడుకే లేదు! శీతాకాల ఒలింపిక్స్ స్వర్ణం చివరికి మండు వేసవిలో, పారిస్‌లో, ఈఫిల్ టవర్ ఎదుట మెడలో పడింది!

ఆ వలియెవా వయసెంతో తెలుసా? 15! బడికెళ్లే పిల్ల! శరీరం ఎదగకముందే పిల్లలను పెద్దల పోటీల్లోకి తోసేస్తున్నారని ఎన్నాళ్లుగానో మొర. ఆ ఏడాదే అంతర్జాతీయ సమాఖ్య ఓటింగ్ పెట్టింది. సీనియర్ పోటీలకు కనీస వయసు 17కు పెంచాలని వంద ఓట్లు పడ్డాయి!

సూర్యా బోనాలీ పేరు విన్నారా? 1998 ఒలింపిక్స్‌లో ఈ ఫ్రాన్స్ స్కేటర్ వెనక్కి పల్టీ కొట్టి ఒంటికాలి మీద దిగింది! మెచ్చుకోవాల్సింది పోయి మార్కులు కోశారు. అది నిషేధం మరి! 26 ఏళ్లు గడిచాక ఆ నిషేధం ఎత్తేశారు. అదే పల్టీ ఇప్పుడు దర్జాగా కొట్టొచ్చు!

ఇక చివరి రహస్యం. ఇది మీ చేతుల్లోనే ఉంది! ఇప్పుడు పెద్ద పోటీల్లో 9 మంది జడ్జీలు ఉంటారు. ఒక్కో గెంతుకు, ఒక్కో గిరికీకి ఎవరెన్ని వేశారో పేరుతో సహా పట్టిక బయటికొస్తుంది. ఎవరైనా చూడొచ్చు! ఈసారి పోటీ చూశాక ఆ పట్టిక కూడా తెరవండి. మీ అభిమాన స్కేటర్‌కు ఎవరు ఎందుకు తగ్గించారో గట్టిగా అడగండి. ఏళ్ల తరబడి మంచు మీద పడి లేచిన పిల్లలకు న్యాయం దక్కాలంటే, మార్కులు వేసే చెయ్యి అందరికీ కనబడాల్సిందే!