ఉత్తుత్తి మాత్రతో నొప్పి తగ్గునా?

నాగులేటి ఒడ్డున వీరుల గుడి వెలసిన కారంపూడి ప్రాంతము రాతినేల. ఇట్టిచోట రాయి కదిలించినప్పుడు తేలు కనబడుట వింత కాదు. తేలు కుట్టినవారికి మంత్రము వేయించుట మన పల్లెలలో చిరకాలపు వాడుక. మంత్రము ముగియునప్పటికి కొందరికి మంట తగ్గుటయు మనమెరిగినదే. కాలము గడచి తానై తగ్గినది కొంత, నమ్మకము తగ్గించినది కొంత. మరి, “ఇందులో మందేమియు లేదు” అని ముందుగనే చెప్పి ఇచ్చిన మాత్ర నొప్పిని తగ్గింపగలదా?

మందు లేని మాత్రను వైద్యులు ప్లాసిబో అందురు. మన మాటలో అది ఉత్తుత్తి మాత్ర. రోగికి నిజము తెలియకున్ననే అది పనిచేయునని చాలకాలము తలచిరి. 1965లో అమెరికాలోని బాల్టిమోరులో పార్క్, కోవి అను వైద్యులు మనోవ్యాకులత గల 15 మందికి, చక్కెర మాత్రలని చెప్పియే, వారము దినములు వానిని ఇచ్చిరి. తిరిగి వచ్చిన 14 మందిలో 13 మందికి నెమ్మదించెను.

ఇక శరీరపు నొప్పి సంగతి. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లెవిన్, గార్డన్, ఫీల్డ్స్ అనువారు పన్ను తీయించుకొన్నవారిని పరీక్షించిరి. ఉత్తుత్తి మందుతో తగ్గిన నొప్పి, నల్లమందుకు విరుగుడైన నాలొక్సోన్ ఇవ్వగా మరల హెచ్చెను. అనగా మన మెదడే నల్లమందు వంటి పదార్థమును విడుదల చేయుచున్నదన్నమాట.

2021లో బోస్టన్ వైద్యులు వెన్నెముక శస్త్రచికిత్స జరిగిన 41 మందిపై తమ పరిశోధనను ప్రకటించిరి. వారిలో కొందరికి, సంగతి దాచక, ఉత్తుత్తి మాత్రను మొదట నొప్పిమందుతో జతగా ఇచ్చి అలవాటు చేసిరి. వీరు ఇతరులకన్న సుమారు 30 శాతము తక్కువగా నల్లమందు జాతి మందులను వాడిరి. బడిగంట వినగానే పిల్లవానికి ఆకలి వేసినట్లు, మాత్ర మ్రింగుటయే శరీరమునకు సంజ్ఞయైనది. వ్యసనము కలిగించు మందులు ఇంతగా తగ్గుట స్వల్పవిషయము కాదు.

అయినను ఒక హద్దు గలదు. ఊరట నొప్పికే గాని విషమునకు కాదు. ఎర్రతేలు విషము గుండెను క్రుంగదీయును, పిల్లలకు ప్రాణాపాయము. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ బవాస్కర్ ప్రాజోసిన్ అను మందుతో ఇట్టి మరణములను తగ్గించిరి. కావున మంట తగ్గినదని ఊరకుండరాదు. పిల్లలకు తేలు కుట్టినచో, వాంతులు, చెమటలు, కాలుసేతులు చల్లబడుట కనబడు వరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ధైర్యము చెప్పు మాట దారిలోనైనను చెప్పవచ్చును.