ఫత్తూష్: పచ్చి కూరగాయలు, కరకరలాడే రొట్టె



"పచ్చి కూరగాయలు తినమంటారు. కీరదోస ముక్కలు ఎన్ని రోజులని తినగలం?" అని షుగరు, బి.పి. ఉన్నవారు మమ్మల్ని అడుగుతుంటారు. వారికి మేము చెప్పేవాటిలో ఫత్తూష్ ఒకటి. లెబనాన్, సిరియా, పాలస్తీనా ప్రాంతాల ఇళ్ళలో చేసుకునే సలాడ్ ఇది. కువైట్ వంటి గల్ఫ్ దేశాల్లో వంటపని చేసి వచ్చిన మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్ళలో చాలామందికి ఇది తెలిసినదే.

నిన్నటి రొట్టె, నేటి భోజనం

అరబీ భాషలో 'ఫత్త' అంటే రొట్టెను తుంచి ముక్కలు చేయడం. ఆ మాట నుండే ఈ పేరు వచ్చింది. ఎండిపోయిన రొట్టెను పారవేయకుండా తోటలోని కూరగాయలతో, పుల్లని రసంతో కలిపి తింటారు. రొట్టెను పులుపులో అద్దుకోవడం ఆ ప్రాంతంలో చాలా పాత అలవాటు. పొలంలో భోజన వేళ చిరకలో ముక్క ముంచుకొమ్మని బోయజు రూతుకు చెప్పిన సంగతి మనం చదివినదే (రూతు 2:14). అయితే టమోటాలు మాత్రం ఎన్నో శతాబ్దాల తరువాత అమెరికా ఖండం నుండి అక్కడికి చేరాయి.

ఫత్తూష్‌లో అక్కడివారు వేసే ఒక ఆకుకూర మన చేలగట్ల మీద కూడా మొలుస్తుంది. అదే గంగవాయిలి కూర. కొన్ని చోట్ల గంగపాయల కూర అంటారు. మనం పప్పులో వేసే ఈ ఆకును వారు పచ్చిగానే తింటారు.

కావలసినవి (నలుగురికి)

కీరదోసకాయలు 2, గట్టి టమోటాలు 3, క్యాప్సికం 1, చిన్న ముల్లంగి 1, ఉల్లికాడలు 4, గంగవాయిలి లేత ఆకు గుప్పెడు, పుదీనా, కొత్తిమీర కొంచెం కొంచెం. నిన్నటి చపాతీలు 2.

రసానికి: పెద్ద నిమ్మకాయ 1, ఒలీవ నూనె 2 పెద్ద చెంచాలు, దంచిన వెల్లుల్లి రెబ్బ 1, ఉప్పు పావు టీ చెంచా. అక్కడివారు సుమాక్ అనే పండ్లను ఎండబెట్టి దంచిన ఎర్రని పుల్లటి పొడి చల్లుతారు. అది దొరకకపోతే నిమ్మరసమే కొంచెం ఎక్కువ వేయండి. ఒలీవ నూనె ఖరీదనుకుంటే నువ్వుల నూనె వాడవచ్చు.

చేసే విధానం

చపాతీలను నూనె లేకుండా పెనం మీద సన్నని సెగన, అప్పడంలా విరిగేవరకు కాల్చి తుంచి పెట్టుకోండి. కూరగాయలను కొంచెం పెద్ద ముక్కలుగా తరగండి. రసానికి చెప్పినవన్నీ గిన్నెలో బాగా గిలకొట్టి ముక్కల మీద పోయండి. రొట్టె ముక్కలను వడ్డించే ముందు మాత్రమే కలపాలి. ముందే కలిపితే మెత్తబడిపోతాయి. హోటళ్ళలో రొట్టెను నూనెలో వేయిస్తారు. అలా చేస్తే రొట్టె నూనె పీల్చుకొని బరువు తగ్గవలసినవారికి మేలు కంటే కీడే ఎక్కువ.

దీనివలన మేలు

రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ సలాడ్ ముందు తింటే కడుపు కొంత నిండి అన్నం తగ్గుతుంది. పీచు వలన రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. నిమ్మరసంలోని విటమిన్-సి ఆకుకూరలోని ఇనుము ఒంటపట్టడానికి సాయపడుతుంది. షుగరు ఉన్నవారు చపాతీని కూడా లెక్కలో వేసుకొని అన్నం ఆ మేరకు తగ్గించుకోవాలి.

కడగడంలో నిర్లక్ష్యం వద్దు

వండిన కూరలో క్రిములు చనిపోతాయి. పచ్చివాటికి ఆ రక్షణ లేదు. మురుగునీరు పారిన చేలలోని ఆకుల మీద బద్దెపురుగు గుడ్లు ఉండవచ్చు. అవి కడుపులోకి పోతే వాటి పిల్లలు మెదడుకు చేరి మూర్ఛకు కారణం కాగలవు. ఇది కేవలం పందిమాంసం తినేవారికి వచ్చే జబ్బు కాదు. ఉప్పునీటిలో నానబెడితే చాలదు. ప్రతి ఆకునూ విడదీసి, పారే మంచినీటి కింద వేళ్ళతో రుద్ది కడగాలి. కత్తి, పలక, చేతులు శుభ్రంగా ఉండాలి. మాంసం కోసిన పలక మీద వీటిని తరగవద్దు. తరిగినది వెంటనే తినండి, మిగిలితే మరుసటి పూటకు ఉంచవద్దు.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

* క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు: పచ్చి కూరగాయల వలన ఇన్ఫెక్షన్ రావచ్చు.
* మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: టమోటా, ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువ.
* మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు: గంగవాయిలి కూరలో ఆక్సలేట్లు ఎక్కువ. ఆ ఆకు మానండి.
* రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడేవారు: ఆకుకూరలను ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా తింటే మందు పనితీరు మారుతుంది.

మిగిలినవారు ఈ వారమే ఒక పూట చేసి చూడండి. మాంసం లేని వంటకం కనుక శ్రమ దినాల్లో కూడా సరిపోతుంది. ఐదువేలమంది తిన్న తరువాత ఏదీ పాడు కాకుండా ముక్కలు పోగుచేయించిన ప్రభువు, మీ ఇంట మిగిలిన రొట్టెను, మీ భోజనపు బల్లను దీవించును గాక.