పుపుస సిరల సంపూర్ణ అసహజ సంధానం

పుపుస సిరల సంపూర్ణ అసహజ సంధానం పుట్టుకతో వచ్చే ఒక అరుదైన గుండె లోపము. ఆంగ్లంలో దీనిని టోటల్ అనామలస్ పల్మనరీ వీనస్ కనెక్షన్ అని, క్లుప్తంగా టి.ఎ.పి.వి.సి. అని అంటారు. సాధారణంగా ఊపిరితిత్తులలో శుద్ధి అయిన రక్తాన్ని నాలుగు పుపుస సిరలు ఎడమ కర్ణికకు చేరుస్తాయి. ఈ లోపమున్న శిశువులలో ఆ సిరలన్నీ కుడి కర్ణికలోకి గాని, దానికి రక్తం తెచ్చే ఇతర సిరలలోకి గాని తెరచుకొంటాయి. కర్ణికల మధ్య గోడలోని రంధ్రం గుండా కొంత మిశ్రమ రక్తం ఎడమవైపుకు చేరడం వల్లనే శిశువు జీవించగలుగుతుంది. కొన్ని సిరలు మాత్రమే దారి తప్పితే దానిని పాక్షిక సంధానం అంటారు.

రకాలు
1957లో డార్లింగ్ బృందం చేసిన వర్గీకరణ ప్రకారం ఇవి నాలుగు రకాలు.
* గుండెకు పైన: సిరలు కలిసి ఒక నిలువు సిర ద్వారా ఊర్ధ్వ మహాసిరను చేరతాయి. సుమారు సగం కేసులు ఈ రకానివే.
* గుండెలో: కుడి కర్ణికలోకి గాని, కరోనరీ సైనస్ లోకి గాని తెరచుకొంటాయి.
* గుండెకు దిగువన: విభాజక పటలాన్ని దాటి కాలేయపు సిరలలో కలుస్తాయి. ఈ రకంలో రక్తప్రవాహానికి తరచు అడ్డంకి ఏర్పడుతుంది.
* మిశ్రమ రకం.

లక్షణాలు, నిర్ధారణ
పెదవులు, గోళ్ళు నీలిరంగుకు తిరగడం, ఆయాసం, పాలు సరిగా త్రాగలేకపోవడం, బరువు పెరగకపోవడం ముఖ్య లక్షణాలు. ఎకోకార్డియోగ్రామ్ ద్వారా నిర్ధారిస్తారు. చికిత్స లేనిచో అత్యధికులు ఏడాది నిండకముందే మరణిస్తారు. అడ్డంకి ఉన్న నవజాత శిశువుకు వెంటనే శస్త్రచికిత్స అవసరం.

శస్త్రచికిత్స
హార్ట్-లంగ్ మెషీన్ సాయంతో గుండెను ఆపి, పుపుస సిరలు కలిసే చోటును ఎడమ కర్ణికకు వెడల్పుగా కలిపి కుడతారు. కర్ణికల మధ్య రంధ్రాన్ని మూసివేస్తారు. సాధారణంగా నిలువు సిరను ముడివేస్తారు. కొందరిలో తరువాత సిరలు ఇరుకవుతాయి కనుక ఎకో పరీక్షలు కొనసాగించాలి. 1956లో అమెరికాలో లూయిస్, వార్కో బృందం శరీరాన్ని చల్లబరచి, బరోస్, కిర్క్లిన్ హార్ట్-లంగ్ మెషీన్ వాడి చేసిన విజయవంతమైన చికిత్సలను ప్రకటించారు.

ఆంధ్ర ప్రదేశ్ లో
2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేద పిల్లల గుండె శస్త్రచికిత్సల ఖర్చును భరించింది. మొదట అమలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. 2024 నుండి ఈ పథకాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. తిరుపతిలో 2021లో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైంది.

ఉత్తరాంధ్రకు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి. ఇది 1923లో స్థాపించిన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైనది. పాడేరు వంటి మన్యం ప్రాంతాలు విశాఖకు సుమారు 110 కి.మీ. దూరంలో, ఘాట్ రోడ్డు మీద ఉన్నాయి. అందువలన పుట్టిన చోటనే పల్స్ ఆక్సీమీటర్ తో శిశువు రక్తంలోని ఆక్సిజన్ ను పరీక్షించి, తక్కువగా ఉంటే ఆలస్యం చేయక పంపడం ప్రాణరక్షణకు కీలకము.