ఏఎంహెచ్ తగ్గితే మాత్రలేం చేస్తాయి?

అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ హార్మోను రక్తపరీక్షలో మిల్లీలీటరుకు 1.2 నానోగ్రాముల కన్నా తక్కువ వస్తే "అండాల నిల్వ తగ్గింది" అంటారు డాక్టర్లు. ఐవీఎఫ్ మాట ఎత్తేలోపే చాలామందికి యాంటీఆక్సిడెంట్ మాత్రలు మొదలవుతాయి. వాటిలో పేరున్నది కోఎంజైమ్ క్యూ10.

ఆడపిల్ల పది నుంచి ఇరవై లక్షల అండాలతో పుడుతుంది. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. తరిగిన నిల్వను ఏ మాత్రా పూడ్చలేదు. మరి ఎందుకు రాస్తున్నట్టు? ఆశంతా ఉన్న అండాల నాణ్యత మీదే. ఒక్కో అండంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు లక్షకు పైగా ఉంటాయి. క్రోమోజోములు లెక్క తప్పకుండా విడిపోవాలంటే ఆ శక్తి కావాలి. వయసుతో అది సన్నగిల్లుతుంది, ఆక్సీకరణ నష్టం పెరుగుతుంది. ఆ శక్తి తయారీలో ఎలక్ట్రాన్లను మోసేది క్యూ10. దాన్ని ఇస్తే ముసలి ఎలుకల అండాలు మెరుగుపడ్డాయని 2015లో టొరంటో పరిశోధకులు చూపించారు.

ఎలుకల సంగతి సరే. 2018లో వెలువడిన ఒక చైనా అధ్యయనంలో, నిల్వ తక్కువగా ఉన్న 186 మంది పాల్గొన్నారు. అందరూ 35 ఏళ్లలోపువారే. ఐవీఎఫ్‌కు ముందు 60 రోజులు క్యూ10 వాడినవారికి అండాలు ఎక్కువ దొరికాయి, మంచి పిండాలూ ఎక్కువే. అమ్మేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. బిడ్డలు పుట్టిన లెక్కలో మాత్రం తేడా కచ్చితంగా తేలలేదు. పైగా పోలిక కోసం క్యూ10 ఇవ్వకుండా ఉంచిన రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్రలైనా ఇవ్వలేదు. యాంటీఆక్సిడెంట్ల మీద జరిగిన 63 పరీక్షలను 2020లో కాక్రేన్ సమీక్ష జల్లెడపట్టింది. మొత్తంగా ఆధారాలు బలహీనమేనని తేల్చింది.

నాకు మాత్రల ఖరీదు కన్నా కాలం ఖరీదే ఎక్కువ అనిపిస్తుంది. అండం ఎదుగుదలలో చివరి దశకు దాదాపు మూడు నెలలు పడుతుంది కాబట్టి అన్నాళ్లూ మాత్రలు వాడమంటారు. ముప్ఫై ఏళ్లామె ఆగగలదు. నలభై ఒకటో ఏట ఉన్నామెకు ఆ మూడు నెలలు తిరిగిరావు. ముప్ఫై అయిదేళ్లలోపువారి ఫలితాన్ని నలభై దాటినవారికి అతికించి ఆశ చూపడం నాకు నచ్చదు.

అసలు ఏఎంహెచ్‌కు కూడా మనం ఎక్కువ భయపడుతున్నాం. గతంలో సంతాన సమస్య లేని, 30 నుంచి 44 ఏళ్ల అమెరికన్ స్త్రీలపై 2017లో వచ్చిన అధ్యయనంలో, తక్కువ ఏఎంహెచ్ ఉన్నవారికీ సహజంగా గర్భం నిలిచే అవకాశం తగ్గలేదు.

డీహెచ్ఈఏను కూడా కొందరు ఇదే కోవలో వాడేస్తుంటారు. అది హార్మోను, మొటిమలూ అవాంఛిత రోమాలూ తేగలదు. క్యూ10తోనూ జాగ్రత్త అవసరమే: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారిలో ఆ మందు ప్రభావాన్ని అది తగ్గించవచ్చు.