మీకు తెలుసా? నాగలి ఊళ్లు దాటింది, సముద్రమూ దాటింది

అరకు లోయలో మడి దున్నే నాగలికి కంబోడియాలో ‘అంకాల్’, మలేషియాలో ‘తెంగాలా’ అని పేర్లు; ఈ పోలిక కాకతాళీయం కాదని చాలామంది భాషావేత్తల నమ్మకం.

ఋగ్వేదంలోని ‘లాంగలం’, తమిళుల ‘నాంజిల్’, కన్నడిగుల ‘నేగిలు’ కూడా ఆ కోవలోవే. ‘లాంగలం’ సంస్కృతానికి పుట్టుసొత్తు కాదు, అరువు మాట అంటారు. ఎవరి దగ్గర తెచ్చుకున్న అరువన్నది ఇంకా తేలలేదు. తూర్పు కనుమల్లో ద్రావిడ భాషలైన కొండ, కువి ఒకపక్క, కంబోడియా భాష ఖ్మేర్‌తో చుట్టరికమున్న గదబల గుతోబ్ మరోపక్క బతికే ఉన్నాయి. ఇలాంటి ప్రశ్నకు ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది!

కొండదొరల ‘కొండ’ భాషపై 1969లో పుస్తకం వెలువరించిన భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, అంతకుముందే 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. ఇంగ్లీషు ‘ప్లౌ’ అనే ఒక్క మాటకు మన రైతుల నోట నాగలి, మడక, అరక అన్నీ పలుకుతాయి. ఇంగ్లండులో మాత్రం ఆ ‘ప్లౌ’ ఆకాశానికెక్కింది: మన సప్తర్షి మండలాన్ని వాళ్లు పిలిచేది ఆ పేరుతోనే.